సాక్ష్యం లేని పిల్ల

సాక్ష్యం ఎలా చెప్పాలో నాకు ఆరేళ్ళకే తెలుసు. గోదావరి పక్క మా ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన సగమయ్యాక పాస్టరు అయ్యగారు "సాక్ష్యం చెప్పేవాళ్ళుంటే లేవండి" అనేవారు. లేచినవాళ్ళు దేవుడు తమకు చేసిన మేలేమిటో అందరి ముందూ చెప్పాలి. దానికి ఎవరూ కాగితం మీద పెట్టని పద్ధతి ఒకటుంది. ముందు నేను ఇలా ఉండేవాణ్ణి, ఫలానా రోజున ప్రభువు నన్ను పట్టుకున్నాడు, ఇప్పుడు ఇలా ఉన్నాను. మొదటి భాగం ఎంత ఘోరంగా ఉంటే మూడో భాగానికి అంత విలువ. ఒకప్పటి కోళ్ళ దొంగ లేచాడంటే చాపల మీద జోగుతున్నవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవారు. మా నాన్న లేస్తే మళ్ళీ జోగేవారు. ఆయన పుట్టినప్పటి నుంచీ విశ్వాసి. తాగలేదు, ఎవరినీ కొట్టలేదు, ఎక్కడికీ పారిపోలేదు. "ఈ వారం కూడా అందరం బాగున్నాం, దేవుడికి స్తోత్రం" అని కూర్చునేవారు. నాకు చాలా చిన్నతనంగా ఉండేది.

పెళ్ళయి కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీకి వచ్చాక అక్కడి సంఘంలో చేరాను. తొంభైల చివర్లో మా సంఘం మాదాపూర్‌లో ఒక రేకుల షెడ్డు వేసి, పేదపిల్లలకి సాయంత్రం బడి పెట్టింది. అప్పటికి అక్కడ రాళ్ళు ఎక్కువ, మనుషులు తక్కువ. రాళ్ళ మధ్య గుండ్రటి మేడ ఒకటి లేస్తోంది. దేశదేశాల కంప్యూటర్లన్నీ అందులోకి వస్తాయని చెప్పుకునేవారు. దాన్ని కడుతున్నవాళ్ళు ఎక్కువగా పాలమూరు కూలీలు. వాళ్ళ పిల్లలు సర్కారు బడి నాలుగింటికి వదిలాక, అమ్మానాన్నలు పని దిగేదాకా ఇసక కుప్పల మీదా ఇనప ఊచల మధ్యా తిరిగేవారు. ఆ రెండున్నర గంటలూ వాళ్ళని మా షెడ్డులో కూర్చోబెట్టి లెక్కలూ తెలుగూ చెప్పడం నా పని. దేవుడు నాకు ఆ పిల్లల భారం ఇచ్చాడని సంఘంలో చెప్పుకున్నాను. నిజంగానే ఇచ్చాడని ఇప్పటికీ నమ్ముతాను. ఆ భారాన్ని నేను మోసిన తీరు గురించే ఈ నాలుగు మాటలు.

ఆరింటికి రాళ్ళు పేల్చేవారు. ముందు ఈల వినపడేది. పిల్లలు ఎక్కం ఆపకుండానే చెవుల్లో వేళ్ళు పెట్టుకునేవారు. చప్పుడయ్యాక రేకుల మీద చిన్న గులకరాళ్ళు పడేవి. అప్పుడు గుగ్గిళ్ళు పెట్టే వేళ. వండిపెట్టే ఆయమ్మ మాదాపూర్ ఊరామె, యాభై దాటిన మనిషి. ఆవిడ వాటిని గుడాలనేది. ఏటా పోచమ్మకి బోనమెత్తేది. మా ప్రార్థన అయ్యేదాకా గరిటె పట్టుకుని మర్యాదగా నిలబడేది, కానీ కళ్ళు మూసుకునేది కాదు.

"నువ్వు కూడా ఒకసారి కళ్ళు మూసుకో ఆయమ్మా" అన్నానొకసారి.

"నేను మూసుకుంటె గుడాలెవరు గాయాలె మేడం? మీ పోరగాళ్ళు ఒక కన్ను తెరిసే మొక్కుతరు" అంది.

బడి పెట్టిన రెండో నెలలో నాకొక ఆలోచన వచ్చింది. చివరి పావుగంట పిల్లల చేత సాక్ష్యం చెప్పిస్తే బాగుంటుంది. నోరు విప్పి మాట్లాడ్డం వస్తుంది, కృతజ్ఞత అలవాటవుతుంది. మొదటి వారం వాళ్ళ సాక్ష్యాలు విని నీరసం వచ్చింది. "నా చెప్పు దొర్కింది, స్తోత్రం." "నిన్న కుక్క కరవలే, స్తోత్రం." ఒకడు లేచి "మా ఊర్ల మా మేక ఈనింది" అని, స్తోత్రం కూడా చెప్పకుండా కూర్చున్నాడు. నేను పద్ధతి నేర్పాను. "ముందెలా ఉండేది, తర్వాత ఏం జరిగింది, ఇప్పుడెలా ఉంది, మూడూ ఉండాలి. మనసు లోపల్నుంచి రావాలి."

మర్నాడు ఒక పిల్లవాడు వాళ్ళ నాన్న తాగొచ్చి అన్నం గిన్నె బయట పారేసిన సంగతీ, తర్వాత తను ప్రార్థన చేసిన సంగతీ, ఆ రాత్రి నాన్న తాగకుండా వచ్చిన సంగతీ చెప్పాడు. అది నిజమే. నాకు ఏడుపొచ్చింది. వాడి నెత్తిన చెయ్యి పెట్టి చాలాసేపు ప్రార్థన చేశాను. ఆయమ్మ జాలిపడో, నా ప్రార్థన తెమలాలనో, వాడి గిన్నెలో ఇంకో గరిటె వేసింది.

మిగతా పిల్లలు ఆ గరిటెని చూశారు.

మర్నాడు ఇద్దరి నాన్నలు తాగారు. ఆ మరుసటి రోజు అయిదుగురు. నెల తిరిగేసరికి మా షెడ్డులో తాగని తండ్రి లేడు, తాగుడు మానని తండ్రీ లేడు. తల్లులకి కామెర్లు వచ్చి తగ్గాయి. గుడిసెలు అంటుకుని ఆరిపోయాయి. అయిదేళ్ళ బుడతడొకడు లేచి, చేతులు కట్టుకుని, "మునుపు నేను కల్లు తాగెటోన్ని, బీడీలు తాగెటోన్ని. ఇప్పుడు బందువెట్టిన" అన్నాడు. పిల్లలందరూ గట్టిగా "ఆమేన్" అన్నారు. నేను నవ్వలేదు. దాన్ని ఉజ్జీవం అనుకున్నాను, పిల్లల్లో భక్తి రగిలిందనుకున్నాను. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో పెద్దలకి అలాగే చెప్పాను. వాళ్ళు స్తుతించారు.

ఆయమ్మ మాత్రం గిన్నెలు కడుగుతూ అడిగింది. "మేడం, గీ పోరగాళ్ళ నాయినలందరు తాగుడు బందువెట్టిన్రంట గద. మరి కల్లు కంపౌండు కాడ గంత లైనెందుకున్నది?"

"అపహాస్యం చెయ్యకూడదమ్మా."

"నేనేడ జేస్తున్న? ఎర్క లేక అడుగుతున్న."

ఆ షెడ్డులో సాక్ష్యం లేని పిల్ల ఒక్కతే ఉండేది. పదేళ్ళది, అయిదో తరగతి. నా దగ్గరున్న లెక్కలన్నీ అయిపోగొట్టి, ఇంకా ఇమ్మని నిలబడేది. వాళ్ళ నాన్న ఆ గుండ్రటి మేడకే సెంట్రింగ్ పని చేసేవాడు. స్లాబు పోసే ముందు కింద చెక్కలూ బొంగులూ కట్టడం. అమ్మ సిమెంటు మోసేది. ఆమె పొద్దున్నే పనికి పోతే నాన్నే ఈ పిల్లకి తల దువ్వి, రెండు జడలు వేసి, బడికి పంపేవాడు. సాయంత్రం తనే వచ్చి తీసుకెళ్ళేవాడు. తాగడు. కొట్టడు. దానికి వంతు వచ్చినప్పుడల్లా, "ఇయ్యాల ఏం గాలే టీచర్. మంచిగనే ఉన్నం" అని కూర్చునేది.

"అలా కాదమ్మా, బాగా ఆలోచించు. ఏదో ఒక కష్టం ఉండే ఉంటుంది" అనేదాన్ని. మా నాన్న సాక్ష్యానికి చిన్నతనపడ్డ కూతురినే నేనూ.

ఇంతలో బాచుపల్లిలో ఒక హాస్టలు బడి నుంచి కబురొచ్చింది. మా సంఘానికి తెలిసినవాళ్ళదే. ఆరో తరగతిలో ఒక పేదపిల్లకి ఉచితంగా సీటిస్తారు, పదో తరగతి దాకా చదువూ తిండీ వాళ్ళదే. ప్రిన్సిపాల్ గారు వచ్చి పిల్లల్ని చూసి, ఒకరిని ఎంచుకుంటారు. ఆ సీటు ఈ పిల్లకే రావాలని నేను ఆ క్షణమే నిర్ణయించుకున్నాను. మేడకి పైకప్పు వెయ్యడం కూడా అయిపోయింది. ఇంకో నాలుగు నెలల్లో గుడిసెలు లేపేస్తారు. ఆ పైన వాళ్ళు ఏ ఊళ్ళో ఏ మేడ కింద ఉంటారో వాళ్ళకే తెలీదు. అక్కడ బడి ఉండకపోతే ఈ పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకుని ఇసక కుప్ప మీద కూర్చుంటుంది, తర్వాత అమ్మతో పాటు సిమెంటు తట్ట ఎత్తుతుంది. ఇందులో ఊహించాల్సిందేమీ లేదు. అలాంటి అక్కలు ఆ గుడిసెల్లో చాలామందే ఉన్నారు.

నా భయమల్లా ఒకటే. సీటు ఏ ఆధారమూ లేని పిల్లకిస్తారు. ఈ పిల్ల చూడ్డానికి ఏ ఆధారమూ తక్కువైనట్టుండదు. అందుకని దాన్ని పక్కకి పిలిచి చెప్పాను. "రేపు పెద్ద మేడం గారి ముందు మంచి సాక్ష్యం చెప్పాలి. మనసుని తాకేలా ఉండాలి. ఇంకోటి, తల అంత నున్నగా దువ్వుకుని రాకు."

"మా నాయిన దువ్వుతడు టీచర్. వద్దంటె ఇనడు."

"సరే, సాక్ష్యమైనా బాగా ఆలోచించుకుని రా."

అబద్ధం చెప్పమని నేను అనలేదు. ఆ తర్వాత చాలా రోజులు ఆ మాటే పట్టుకుని వేలాడాను.

మర్నాడు ప్రిన్సిపాల్ గారు వచ్చారు. జరీ లేని తెల్ల చీర, నెమ్మది మనిషి, మా వైపావిడే. మా సంఘ పెద్దల్లో కంప్యూటర్ కంపెనీలో పనిచేసే ఒకాయన కూడా వచ్చి వెనక కూర్చున్నాడు. పిల్లలు లెక్కలు చేశారు, పద్యాలు చెప్పారు, తర్వాత సాక్ష్యాలు. నలుగురి నాన్నలు తాగి మానేశారు. ప్రిన్సిపాల్ గారు గడియారం చూసుకున్నారు. అప్పుడీ పిల్ల లేచింది. రెండు జడలూ ఎప్పటికంటే నున్నగా ఉన్నాయి.

"మునుపు మా నాయిన ఉండె" అంది. "రోజు నన్ను సైకిల్ మీద కూసోవెట్టుకునేటోడు. నాకు లెక్కలు వస్తయని అందరికి జెప్పేటోడు. ఒకనాడు సెంట్రింగ్ మీదికెంచి కింద వడ్డడు. దవాఖానల సచ్చిపోయిండు. ఇప్పుడు దేవుడే మాకు నాయిన."

అందులో ఏడుపు లేదు, సాగదీయడం లేదు. మూడు భాగాలూ ఉన్నాయి. ప్రిన్సిపాల్ గారు కళ్ళు ఒత్తుకున్నారు. వెనక నుంచి మా పెద్దాయన "వెరీ టచింగ్ సిస్టర్" అన్నాడు. సీటు ఎవరికో వేరే చెప్పక్కర్లేదు, ప్రిన్సిపాల్ గారు పిల్లని దగ్గరికి తీసుకుని పేరు రాసుకున్నారు. అప్పుడే గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడు.

"పోదమా బిడ్డా?"

చొక్కా నిండా సిమెంటు దుమ్ముతో చచ్చిపోయిన తండ్రి నిలబడి ఉన్నాడు.

ప్రిన్సిపాల్ గారు నా వైపు తిరిగారు. "ఈయనెవరండీ?"

పది ఆజ్ఞల్లో అబద్ధ సాక్ష్యం గురించి ఒకటుంది. నాకది ఆరేళ్ళ వయసు నుంచీ నోటికొచ్చు. నోరు తెరిచాను, మాట రాలేదు. ఆయమ్మ గరిటె దించకుండానే అందుకుంది.

"పిల్ల చిన్నాయిన మేడం. అన్న సచ్చినంక ఈయననే పిల్లను, తల్లిని ఇంత కనివెట్టుకోని సూస్తుండు." ఆయన వైపు తిరిగి, "ఏమయ్యా, నమస్తె వెట్టు. మన పిల్లకు సీటొచ్చింది" అంది.

ఆయన ఆయమ్మని చూశాడు, కూతుర్ని చూశాడు. పిల్ల తల దించుకుంది. ఆయన చేతులు జోడించాడు.

ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడ్డారు. "అన్న కూతురి కోసం పని మానుకుని వచ్చి తీసుకెళ్తున్నారా? ఈ రోజుల్లో ఇలాంటివాళ్ళు ఎక్కడున్నారండీ!" అన్నారు. మా పెద్దాయన వచ్చి చెయ్యి కలిపాడు. అయిదేళ్ళుగా తండ్రిగా ఆ పనులన్నీ చేస్తున్నా ఆయన్ని ఒక్కరూ మెచ్చుకోలేదు. బాబాయి అయ్యేసరికి అందరికీ కనిపించాడు.

వాళ్ళు వెళ్ళాక పిల్లని అడిగాను. "ఎందుకలా చెప్పావు? నాన్న బతికుండగా అలా అనొచ్చా?"

అది కాసేపు జడ చివర లాక్కుంది. "అందరి నాయినలు తాగుతున్నరు గద టీచర్. నేను గూడ తాగుతడని జెప్దమనుకున్న. కని మా నాయిన తాగుతడంటె నాకు మంచిగనిపియ్యలే. అందుకే సంపిన."

మూడు రోజులు వాక్యం తెరిస్తే ఏ పేజీ అయినా నన్నే తిడుతున్నట్టుండేది. నాలుగో రోజు గుడిసెకి వెళ్ళి తండ్రికి చెప్పాను, ప్రిన్సిపాల్ గారి దగ్గరికెళ్ళి నిజం ఒప్పుకోవాలని, ఆయన కూడా రావాలని. ఆయన వాదించలేదు. కూకట్‌పల్లిలో బస్సు మారాక ఒక్క మాట అడిగాడు.

"నిజం జెప్పితె మీ మనసు నిమ్మలమైతది మేడం. మంచిదే. మరి మా పిల్ల?"

"నిజం చెప్పినవాళ్ళని దేవుడు విడిచిపెట్టడు" అన్నాను. ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

ప్రిన్సిపాల్ గారు అంతా విన్నారు. కోప్పడలేదు. బీరువాలోంచి ఒక ఫారం తీసి నా ముందు పెట్టారు. ఈ సీట్లకి డబ్బు పంపేవాళ్ళు ఎక్కడో పై దేశంలో ఉన్నారట. వాళ్ళ ఫారంలో రెండే గడులు. తండ్రి లేని పిల్లలు ఒకటి. తండ్రి ఉన్నా తాగుబోతై పోషించని పిల్లలు రెండోది.

"మంచి తండ్రి ఉన్న పిల్లలకి ఇందులో గడి లేదండీ" అన్నారావిడ. "మొదటిది ఇప్పటికే నింపాను. ఇంకా పంపలేదు. కావాలంటే రెండోదానికి మార్చొచ్చు, అప్పుడు ఈయన తాగుతానని సంతకం పెట్టాలి. లేదంటే సీటు ఇంకో ఊరి పిల్లకి పోతుంది. మీరు మాట్లాడుకోండి. నేను ప్రార్థన గంటకి వెళ్ళొస్తాను."

ఆవిడ వెళ్ళగానే ఆయన ఫారాన్ని తన వైపు తిప్పుకుని కాసేపు చూశాడు. చదవడం రాదు.

"సచ్చినోడా, తాగుబోతా మేడం? ఏది బాగుంటది?"

"రెండూ వద్దు. అబద్ధమే కదా రెండూ. సీటు వదులుకుందాం. దేవుడు ఇంకో దారి చూపిస్తాడు."

"సీటు మీది గాదు గద మేడం, ఇడిసిపెట్టనీకె." గొంతు పెంచలేదు. "మీ దేవుడు సూపిచ్చిన దారి గిదే అయితె?"

పాతికేళ్ళు వాక్యం విన్నాను, వందలమందికి చెప్పాను. ఆ చిన్న గదిలో నాకొక్క మాటా గుర్తు రాలేదు.

ఆయనే తేల్చాడు. "తాగుబోతంటె రేపు పిల్ల మొఖం మీద అందరనేది గదే. తాగుబోతు బిడ్డ అంటరు. సచ్చినోనికి ఇజ్జత్ ఉంటది. ఉన్నదే ఉండనియ్యుండ్రి. నేను చిన్నాయిననే."

ప్రిన్సిపాల్ గారు తిరిగొచ్చి ఆయన మాట విన్నారు. తర్వాత నన్ను చూశారు. "మీరేమంటారు సిస్టర్?"

మొదటిసారి అడిగినప్పుడు నేను మాట్లాడలేదు, కాబట్టి అబద్ధమాడలేదని చెప్పుకోవచ్చు. ఈసారి, నిజం చెప్పడానికే బస్సు మారి మరీ వచ్చినదాన్ని, "అవునండీ, బాబాయే" అన్నాను. ఆవిడ ఫైలు కట్టేసి, నెలనెలా రెండో ఆదివారం పిల్లని చూసుకోవడానికి రావొచ్చని చెప్పారు. ఆ మాటకి క్షమించమని ఇప్పటికీ ప్రార్థనలో అడుగుతాను. వెనక్కి తీసుకుంటానని మాత్రం ఎప్పుడూ అనలేదు. దేవుడికి ఆ తేడా తెలుసనుకుంటాను.

షెడ్డులో సాక్ష్యం వేళ తీసేసి ఆ పావుగంట ఎక్కాలకిచ్చాను. వారం తిరక్కుండా పిల్లల తండ్రుల తాగుడు మాటే వినపడకుండా పోయింది. "గిప్పుడు మానిన్రు మేడం, నిజంగ" అంది ఆయమ్మ.

పిల్ల హాస్టల్లో చేరిన మొదటి నెల, ఆ రెండో ఆదివారం ఆయనతో పాటు నేనూ వెళ్ళాను. చూసుకునే చోటు ఒక వరండా. మేట్రన్ కుర్చీ వేసుకుని అక్కడే కూర్చుంటుంది. పిల్ల యూనిఫాంలో వచ్చింది. జుట్టు కత్తిరించేశారు, హాస్టలు నియమమట. ఆయన దాని తల వంక చూసి చూడనట్టు ఊరుకున్నాడు. అది పరుగెత్తుకొచ్చి, మేట్రన్‌ని చూసి రెండడుగుల దూరంలో ఆగిపోయింది.

"చిన్నాయినా, మంచిగున్నవా?"

ఆ పిలుపు ఎంత బాగా నేర్చుకుందంటే, నాకే ఒక్క క్షణం నిజమేమో అనిపించింది.

"మంచిగున్న బిడ్డా. తింటున్నవా?"

"తింటున్న. ఇంట్ల అందరెట్లున్నరు?"

ఆయన వేళ్ళు మడిచి చెప్పాడు. అమ్మకి చెయ్యి నొప్పి తగ్గింది. తమ్ముడికి పళ్ళు వస్తున్నాయి. పని అయిపోయింది, వచ్చే నెల చందానగర్ దగ్గర ఇంకో చోటికి పోతారు, అక్కణ్ణుంచి బస్సు నేరుగా ఉంది. చెప్పడం అయిపోయింది.

పిల్ల కదల్లేదు. మేట్రన్ వైపు ఒకసారి చూసి, మళ్ళీ అడిగింది. "ఇంక?"

"ఇంకేమున్నది?"

"ఇంకెవరు లేరా ఇంట్ల?"

ఆయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. తుడుచుకోవడానికి చాలాసేపు పట్టింది.

"ఉన్నడు బిడ్డా. ఆయన గూడ మంచిగనే ఉన్నడు. నీ లెక్కలెట్లున్నయో అడిగి రమ్మన్నడు."

పిల్ల సంచీ తెరిచి లెక్కల పుస్తకం తీసింది. ఆయనకి చదవడం రాకపోయినా, ఒక్కో పేజీ తిప్పి, ఎర్ర సిరాతో మార్కులు వేసిన చోటల్లా వేలు పెట్టి చూపించడం మొదలుపెట్టింది. మేట్రన్ గంట కొట్టేదాకా ఆయన ఒక్కో మార్కునీ చూస్తూనే ఉన్నాడు.